వేటు పడిన కోచ్‌కి వెంటనే ఇంకో కుర్చీ: ఎవరు నిలబడతారో ముందే పసిగట్టగలమా?

బాక్స్‌టుబాక్స్:

2025 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో జరిగింది ఒకసారి వరసగా పేర్చి చూడండి. సెప్టెంబర్ 9న ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తన కోచ్ నునో ఎస్పిరిటో శాంటోని పంపేసింది. అదే రోజు, మూడు నెలల కిందట టోటెన్‌హామ్ తీసేసిన ఆంజ్ పోస్టెకోగ్లూని తెచ్చి కూర్చోబెట్టింది. సెప్టెంబర్ 27న వెస్ట్ హామ్ గ్రాహం పాటర్‌ని తీసేసి అదే రోజు నునోని తెచ్చుకుంది. అక్టోబర్ 18న చెల్సీ చేతిలో 0-3తో ఓడిన కాసేపటికే పోస్టెకోగ్లూ బయటికి: 39 రోజులు, 8 మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు. రెండు రోజులు గడిచాయో లేదో పాటర్ స్వీడన్ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. ఆరు వారాలు తిరక్కుండా ముగ్గురూ కుర్చీలాట ఆడేశారు.

ప్రతిసారీ అభిమానులది అదే గొడవ. "అక్కడ ఫెయిలైనవాడు ఇక్కడేం పొడుస్తాడు" అని ఒక వర్గం. "ఎమెరీని ఆర్సెనల్ తీసేయలేదా, టుహెల్‌ని పీఎస్‌జీ తీసేయలేదా, ఇద్దరూ తర్వాత కప్పులు గెలవలేదా" అని ఇంకో వర్గం. రెండు వైపులా పేర్లు విసురుకోవడమే తప్ప కొలమానం ఎవరూ చెప్పరు. అందుకే తెలిసినవాళ్ళని అడుగుతున్నా. వేటు కోచ్ లోపం వల్ల పడిందా, దురదృష్టం వల్ల పడిందా అన్నది దేన్ని చూసి తేల్చాలి? సీజన్ మధ్యలో వచ్చినవాడిని ఎలా అంచనా వెయ్యాలి? పాత క్లబ్ జీతం ఇస్తూనే ఉంటుందా, అందుకే ఈ కోచ్‌లు చవగ్గా దొరుకుతున్నారా?

ఆఫ్‌సైడ్‌గీత:

మొదటి ప్రశ్న పట్టుకుంటా. వేటు పడిన రోజున పట్టికలో స్థానం చూసి తీర్పు చెప్పడం అన్నిటికన్నా పనికిరాని పద్ధతి. ఏ క్లబ్ అయినా కోచ్‌ని తీసేసేది ఫలితాలు అట్టడుగున ఉన్నప్పుడే. ఆ క్షణంలో దురదృష్టం, నిజమైన లోపం రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయాలి.

నా వరకు మొదట చూసేది పెనాల్టీలు తీసేసిన ఎక్స్‌జీ (ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో 0 నుంచి 1 మధ్యలో చెప్పే లెక్క) తేడా. అంటే మనం సృష్టించిన అవకాశాల విలువలోంచి, ఇచ్చిన అవకాశాల విలువ తీసేస్తే మిగిలేది. ఒక్కో పెనాల్టీకి దాదాపు 0.78 పడుతుంది కాబట్టి రెండు మూడు పెనాల్టీలు మొత్తం బొమ్మనే మార్చేస్తాయి, వాటిని పక్కన పెట్టాలి. 10 మ్యాచ్‌ల సగటు కన్నా తక్కువతో ఏమీ తేలదు. ముందుగా రెడ్ కార్డ్ పడి ఎక్కువ సేపు పదిమందితో ఆడిన మ్యాచ్‌లు విడిగా చూడాలి. ఆ 10 మ్యాచ్‌లలో పెద్ద జట్లు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కేసుకోవాలి. ఎక్స్‌జీ తేడా బాగానే ఉండి గోల్స్ మాత్రం రాకపోతే అది ఫినిషింగ్ కరవు, లేదా అవతలి గోల్‌కీపర్ ఊపు. అలాంటివి ఎక్కువ కాలం నిలవవు. ఎక్స్‌జీ కూడా జారిపోతుంటే అప్పుడు కోచ్‌ని నిలదీయాలి.

క్లాప్ సంగతి అందరికీ తెలిసిందే. 2014-15లో ఆయన కోచ్‌గా ఉన్న డోర్ట్‌మండ్ ఒక దశలో బుందేస్‌లీగా పట్టిక అడుగున ఉంది, చివరికి 7వ స్థానం. ఆయన్ని తీసెయ్యలేదు, తనే తప్పుకున్నాడు. కానీ ఫలితాలు చూసి "అయిపోయాడు" అన్నవాళ్ళు బోలెడు. తర్వాత ఆయన్ని తెచ్చుకున్న లివర్‌పూల్ క్లబ్ డేటా విభాగం మాత్రం అవకాశాల లెక్క చూసి, ఆ జట్టు ఆట స్థానం చెప్పినంత చెడ్డగా లేదని తేల్చుకుంది.

రెండోది పీపీడీఏ, అంటే ప్రెస్సింగ్ (బంతి ఉన్న ప్రత్యర్థి మీదికి వెళ్ళి ఒత్తిడి పెట్టడం) ఎంత గట్టిగా ఉందో చెప్పే లెక్క. మన గోల్ దగ్గరి 40 శాతం మైదానాన్ని వదిలేసి, మిగతా భాగంలో ప్రత్యర్థి ఇచ్చిన పాస్‌లని మన ట్యాకిల్స్, ఇంటర్‌సెప్షన్స్, ఫౌల్స్ మొత్తంతో భాగిస్తే వచ్చేది. 10 కన్నా తక్కువంటే గట్టి ప్రెస్సింగ్, 14 దాటితే వెనక కూర్చున్నట్టు. ఇది ఒక్క సీజన్‌లో చూస్తే పెద్దగా చెప్పదు. మొదటి సీజన్‌లో 9 ఉన్నది రెండో సీజన్‌లో 13 అయిందంటే మాత్రం రెండిట్లో ఒకటి: ఆటగాళ్ళ కాళ్ళు అయిపోయాయి, లేదా కోచ్ మాట వినడం మానేశారు.

దీన్ని టెన్ హాగ్ మీద పెట్టి చూడండి. 2023-24లో ఆయన నడిపిన మాంచెస్టర్ యునైటెడ్ 8వ స్థానం, గోల్ తేడా మైనస్ 1. లీగ్‌లో ప్రత్యర్థులకి అత్యధికంగా షాట్లు ఇచ్చిన జట్లలో ఒకటి. ముందు నలుగురు ప్రెస్ చెయ్యడానికి పరిగెత్తితే వెనక నలుగురు అక్కడే ఉండిపోయేవారు, మధ్యలో మైదానమంత ఖాళీ. సీజన్ పొడవునా అదే రంధ్రం. ఎఫ్‌ఏ కప్ గెలిచినా ఆ రంధ్రం పూడలేదు. 2024 అక్టోబర్‌లో పడిన వేటు దురదృష్టం ఖాతాలోకి రాదు.

మూడోసబ్:

లెక్కలు బాగున్నాయి గురూ, కానీ ఇదే తూకంతో ఎమెరీని తూచండి. 2019 సెప్టెంబర్‌లో పట్టిక అడుగున ఉన్న వాట్‌ఫర్డ్ ఆర్సెనల్ మీద 31 షాట్లు కొట్టింది. 2-0 ఆధిక్యం పోయి 2-2. నవంబర్ చివర్లో తీసేసేనాటికి అన్ని పోటీల్లో కలిపి వరసగా 7 మ్యాచ్‌లు గెలుపు లేదు. మీ పద్ధతి ప్రకారం అదీ "సీజన్ పొడవునా రంధ్రమే". మరి విల్లారియల్‌తో 2021 యూరోపా లీగ్ ఎలా గెలిచాడు? ఆ మరుసటి ఏడు చాంపియన్స్ లీగ్ సెమీస్ దాకా ఎలా వెళ్ళాడు? ఆస్టన్ విల్లాని దిగువ నుంచి 7కి, ఆ తర్వాత 4కి ఎలా లేపాడు?

ఇంకో మాట. తీసేసిన ప్రతి కోచ్‌కీ మనం సాకులు వెతికి పెడుతున్నాం. "స్క్వాడ్ నచ్చలేదు, టైమ్ ఇవ్వలేదు, ఓనర్ మంచోడు కాదు." ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. టెన్ హాగ్‌నే తీసుకోండి, లెవర్‌కుసెన్‌లో 2025 జులై 1న మొదలుపెట్టి సెప్టెంబర్ 1న ఇంటికి. రెండంటే రెండే లీగ్ మ్యాచ్‌లు: హోఫెన్‌హైమ్ చేతిలో 1-2 ఓటమి, బ్రెమెన్‌తో 3-3. ఆ రెండోదాంట్లో 3-1 ఆధిక్యం, అవతల పదిమందే, అయినా అదనపు సమయంలో గోల్ ఇచ్చారు. దీనికీ స్క్వాడ్‌దే తప్పంటారా?

ఆఫ్‌సైడ్‌గీత:

రెండూ సరైన దెబ్బలే. ముందు ఎమెరీ.

కోచ్‌ని ఒక్క క్లబ్‌తో కొలవకూడదు, పని చేసిన పద్ధతి ఏ రకం జట్టుతో పని చేసిందో చూడాలి. ఎమెరీ సెవియ్యాతో 2014, 2015, 2016లో వరసగా మూడు యూరోపా లీగ్‌లు గెలిచాడు. అక్కడ దగ్గర దగ్గరగా నిలబడే రెండు వరసలు, వీడియో మీద గంటల కొద్దీ పని, మధ్యస్థాయి జట్టు, చెప్పింది వినే ఆటగాళ్ళు. పీఎస్‌జీలోనూ ఆర్సెనల్‌లోనూ ఆ పరిస్థితి లేదు. విల్లారియల్, విల్లా రెండిట్లోనూ ఉంది. అంటే వేటుకి ముందు ఏం జరిగిందన్నదే కాదు, కొత్త క్లబ్ పాత విజయానికి పోలి ఉందా, పాత వైఫల్యానికి పోలి ఉందా అన్నది అంతకన్నా ముఖ్యం.

టెన్ హాగ్ విషయంలో మీతో సగమే ఒప్పుకుంటా. ఆ వేసవిలో లెవర్‌కుసెన్ నుంచి విర్ట్జ్, ఫ్రింపాంగ్ లివర్‌పూల్‌కి, తాహ్ బయర్న్‌కి, జాకా సండర్‌లాండ్‌కి, గోల్‌కీపర్ హ్రాడెస్కీ మొనాకోకి వెళ్ళిపోయారు. 2024లో ఓటమి లేకుండా టైటిల్ గెలిచిన జట్టుకి వెన్నెముక మొత్తం పోయింది. అలాంటి జట్టు రెండు మ్యాచ్‌లలో ఏం చూపిస్తుంది? రెండు మ్యాచ్‌ల ఎక్స్‌జీతో ఎవరినీ తూచలేం. నా దృష్టిలో అక్కడ తప్పు నియామకంలోనే జరిగింది. జట్టు విరిగిపోబోతుందని క్లబ్‌కి మేలోనే తెలుసు. అప్పుడు కావలసింది కొత్తవాళ్ళని త్వరగా అతికించే మనిషి. టెన్ హాగ్ ఆయాక్స్‌లో రాణించింది ఏళ్ళు పెట్టి కట్టిన జట్టుతో.

డగౌట్‌వెనక:

రెండో ప్రశ్నకి, అంటే సీజన్ మధ్యలో వచ్చేవాళ్ళ గురించి. ఫారెస్ట్ దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టాల్సినంత శుభ్రమైన ఉదాహరణ.

నునో ఫారెస్ట్ 2024-25లో 65 పాయింట్లతో 7వ స్థానం. బంతిని తక్కువ సేపు దగ్గర ఉంచుకునే జట్టు. మురిల్లో, మిలెంకోవిచ్ పెనాల్టీ బాక్స్ అంచున నిలబడి హెడర్లతో బంతులు తోసేస్తారు, అవతలివాళ్ళు ముందుకొస్తే ఖాళీలోకి పరుగు, చివర్లో క్రిస్ వుడ్. ఆ సీజన్‌లో వుడ్ 20 లీగ్ గోల్స్. ఈ జట్టులో ఎవరినీ వెనక 40 మీటర్ల ఖాళీ వదిలి ఆడటానికి కొనలేదు.

పోస్టెకోగ్లూ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. బ్యాక్ లైన్ (వెనక నలుగురు డిఫెండర్ల వరస) సెంటర్ సర్కిల్ దగ్గరికి ఎక్కుతుంది, ఫుల్‌బ్యాక్‌లు మిడ్‌ఫీల్డ్‌లోకి దూరతారు. ఇది నిలవాలంటే మూడు కావాలి. బంతి ఉన్నవాడి మీద ఎప్పుడూ ఒత్తిడి ఉండాలి. వాడు తలెత్తి చూసే సమయం దొరికిందంటే లైన్ అప్పటికప్పుడు వెనక్కి జారాలి, నలుగురూ కలిసి. వెనక వేగంగా పరిగెత్తే సెంటర్-బ్యాక్ ఉండాలి. టోటెన్‌హామ్‌లో ఆ పని వాన్ డె వెన్ చేసేవాడు. అతనూ రొమేరో గాయపడ్డాక 2024-25లో ఏమైందో తెలుసుగా: 22 ఓటములు, 38 పాయింట్లు, 17వ స్థానం. యూరోపా లీగ్ గెలిచిన 16 రోజులకి వేటు. మిలెంకోవిచ్ మంచి డిఫెండరే, కానీ వెనక్కి తిరిగి రేసు పెట్టుకునే రకం కాదు.

ఇక సమయం. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 5 వరకు, 23 రోజుల్లో 7 మ్యాచ్‌లు: ఆర్సెనల్, స్వాన్సీ, బర్న్‌లీ, బెటిస్, సండర్‌లాండ్, మిట్యులాండ్, న్యూకాసిల్. గురువారం, ఆదివారం ఆడే జట్టు వారం ఎలా గడుస్తుందో చూడండి. మ్యాచ్ మర్నాడు ఆడినవాళ్ళకి సైకిలు, మసాజ్, ఐస్ బాత్. ఆ తర్వాతి రోజు తేలికపాటి కసరత్తు. మ్యాచ్ ముందు రోజు నడుస్తూ స్థానాలు చూసుకోవడం, సెట్ పీస్‌లు. పూర్తి వేగంతో 11 మంది మీద 11 మంది ఆడే సెషన్‌కి చోటే లేదు. లైన్ ఎప్పుడు ఎక్కాలో ఎప్పుడు దిగాలో బోర్డు మీద గీతలు గీస్తే రాదు, కాళ్ళకి అలవాటు కావాలి. అక్టోబర్ విరామంలో టైమ్ దొరికిందంటారా, అప్పుడు జట్టులో సగం మంది వాళ్ళ వాళ్ళ దేశాలకి ఆడుతున్నారు.

నా లెక్క ఇదీ: సీజన్ మధ్యలో వచ్చేవాడు లైన్‌ని వెనక్కి జరపగలడు, ముందుకి జరపలేడు. ముప్పు తగ్గించే మార్పులు వారంలో నేర్పొచ్చు. ముప్పు పెంచే మార్పులకి ప్రీ-సీజన్ కావాలి.

బాక్స్‌టుబాక్స్:

మరి టుహెల్? 2021 జనవరి 26న చెల్సీకి వచ్చాడు, మర్నాడే వుల్వ్స్‌తో మ్యాచ్, ఒక్క ట్రైనింగ్ సెషన్. జట్టు 9వ స్థానంలో ఉంది. 123 రోజులకి పోర్టోలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి చాంపియన్స్ లీగ్ ఎత్తాడు. అప్పుడూ మూడు రోజులకొక మ్యాచ్ ఉండేది కదా.

డగౌట్‌వెనక:

టుహెల్ నా మాటకి సాక్ష్యమే. ఆయన చేసింది ముప్పు తగ్గించడమే. అంతకుముందు కోచ్ లాంపార్డ్ 4-3-3ని తీసేసి 3-4-2-1 పెట్టాడు. వెనక ముగ్గురు, వాళ్ళ ముందు జోర్జీన్యో, కోవచిచ్, కాంటేలలో ఇద్దరు. బంతి పోయిన క్షణంలో ఐదుగురు ఎప్పుడూ బంతి వెనకే. లాంపార్డ్ పక్కన పెట్టిన రూడిగర్‌ని తిరిగి తెచ్చాడు, 36 ఏళ్ళ తియాగో సిల్వాని మధ్యలో పెట్టాడు, వాళ్ళిద్దరికీ తెలిసిన పనే. బంతిని దగ్గర ఉంచుకున్నాడు, కానీ గోల్ కోసం కన్నా అవతలివాళ్ళకి అందకుండా ఉండటానికి. వుల్వ్స్‌తో ఆ మొదటి మ్యాచ్ 0-0, చూస్తే నిద్రొచ్చే ఆట. అయినా మొదటి 14 మ్యాచ్‌లలో ఓటమి లేదు. గోల్స్ కొట్టడం నేర్పడం ఆయన తర్వాతికి వాయిదా వేసుకున్నాడు, నిజానికి పూర్తిగా ఎప్పటికీ నేర్పలేదు.

ఇలాంటివాడే నునో కూడా. 2023 డిసెంబర్‌లో ఫారెస్ట్‌కి మధ్యలోనే వచ్చి, 4 పాయింట్ల కోత పడినా 17వ స్థానంలో నిలబెట్టాడు.

మూడోసబ్:

అక్కడే దొరికారు అన్నా. ఎమెరీ విల్లాకి వచ్చింది 2022 నవంబర్‌లో, సీజన్ నడిమధ్యలో. తెచ్చింది హై లైన్, ఆఫ్‌సైడ్ ట్రాప్ (డిఫెండర్లంతా ఒకేసారి ముందుకి కదిలి అవతలివాళ్ళని ఆఫ్‌సైడ్‌లో పడేసే ఎత్తు). 2023-24లో ప్రత్యర్థుల్ని ఆఫ్‌సైడ్‌లో పట్టడంలో విల్లానే లీగ్‌లో మొదటిది. "ముందుకి జరపలేడు" అన్న సూత్రం అక్కడే కూలిపోయింది.

దాంతోపాటు ఇంకోటి: పోస్టెకోగ్లూకి వెనక్కి జరపడం రాదా? టోటెన్‌హామ్‌తో బిల్‌బావోలో యూరోపా లీగ్ ఫైనల్‌లో ఏం చేశాడు? బంతి మూడో వంతు సేపు కూడా దగ్గర లేదు, అందరినీ వెనక కూర్చోబెట్టి 1-0తో యునైటెడ్‌ని ఓడించాడు. చేతనైనవాడు ఫారెస్ట్‌లో ఎందుకు చెయ్యలేదు? మొండితనం. అది స్క్వాడ్ సమస్య కాదు, మనిషి సమస్య.

డగౌట్‌వెనక:

ఎమెరీకి దొరికింది మర్చిపోతున్నారు. యునైటెడ్‌ని 3-1, బ్రైటన్‌ని 2-1 ఓడించగానే ఖతార్ ప్రపంచకప్ విరామం. నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ 26 దాకా లీగ్ లేదు. ప్రపంచకప్‌కి వెళ్ళని ఆటగాళ్ళందరితో దాదాపు ఆరు వారాలు. అది చలికాలంలో వచ్చిన ప్రీ-సీజన్. ఏ కోచ్‌కీ మళ్ళీ అంత సులువుగా దొరకదు. కాబట్టి సూత్రం బతికే ఉంది, క్యాలెండర్ చూసి వాడుకోవాలి అంతే. కొత్త కోచ్ వచ్చాడనగానే నేను చూసేది మొదటి 30 రోజుల ఫిక్స్చర్లు. మ్యాచ్ లేని మిడ్‌వీక్‌లు ఎన్ని? యూరప్ పోటీలు ఉన్నాయా? నియామకం అంతర్జాతీయ విరామానికి ముందా, తర్వాతా? ఫారెస్ట్ పోస్టెకోగ్లూని తెచ్చింది సెప్టెంబర్ విరామం అయిపోయాక. పది రోజుల ముందు మార్చి ఉంటే కనీసం దేశానికి ఆడని వాళ్ళతోనైనా పని జరిగేది.

మొండితనం మాట నిజమే, అందులో వాదన లేదు. 2023 నవంబర్‌లో చెల్సీ మీద తొమ్మిదిమందే మిగిలినా లైన్‌ని సగం మైదానం దగ్గరే ఉంచి 1-4తో ఓడాడు. బిల్‌బావో ఒక్క రాత్రి సర్దుబాటు. కానీ ఇది ఫారెస్ట్‌కి తెలియని రహస్యమా? ప్రపంచమంతా చూసింది. తెలిసి తెలిసి ఆ జట్టుకి ఆ మనిషిని తెచ్చినవాళ్ళది పెద్ద తప్పు. ఆ తర్వాత ఎవరిని పిలిచారో చూడండి, షాన్ డైచ్‌ని. లైన్‌ని బాక్స్‌లో పెట్టేవాళ్ళలో ఆయన పెద్దన్న.

క్లాజుల‌కట్ట:

డబ్బు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను చెప్తా.

"తీసేశారు" అన్న మాటకి కాగితం మీద మూడు నాలుగు అర్థాలున్నాయి. ఒకటి, సెటిల్‌మెంట్: మిగిలిన కాంట్రాక్ట్‌కి ఒక మొత్తం మాట్లాడుకుని అప్పుడే తెంచుకోవడం. రెండు, ముందే రాసుకున్న బ్రేక్ క్లాజు: ఇంగ్లండ్‌లో ఎక్కువగా 12 నెలల జీతానికి పరిమితం చేస్తారు, పట్టికలో ఫలానా స్థానం కన్నా కింద ఉంటే ఇంకా తగ్గేలా కూడా రాస్తారు. మూడు, పదవి తీసేసి కాంట్రాక్ట్ ఉంచడం, అదే గార్డెనింగ్ లీవ్. నెలనెలా జీతం వస్తుంది, ఇంకో క్లబ్‌కి వెళ్ళాలంటే పాత క్లబ్‌తో తెంచుకోవాలి. నాగెల్స్‌మాన్ అలాగే ఉన్నాడు. 2023 మార్చిలో బయర్న్ తప్పించింది, సెప్టెంబర్‌లో జర్మనీ జట్టు పగ్గాలు పట్టేటప్పుడే ఆ కాంట్రాక్ట్ రద్దయింది. "పరస్పర అంగీకారంతో విడిపోయాం" అని ప్రకటన వస్తే అది కూడా చాలాసార్లు సెటిల్‌మెంట్‌కి మర్యాదపూర్వకమైన పేరే.

అసలు కీలకం తగ్గింపు లెక్క. కాంట్రాక్ట్‌లో ఆ షరతు ఉంటే, కొత్త ఉద్యోగంలో వచ్చే జీతం పాత క్లబ్ బాకీలోంచి తగ్గుతుంది. ఊహకి ఒక లెక్క: పాత క్లబ్‌లో ఇంకా రెండేళ్ళు, ఏటా 60 లక్షలు. కొత్త క్లబ్ ఏటా 40 లక్షలిస్తే పాత క్లబ్ మిగిలిన 20 లక్షలే కడుతుంది. కోచ్‌కి అదే 60. కొత్త క్లబ్‌కి 60 లక్షల మనిషి 40కే దొరికాడు. పాత క్లబ్‌కి భారం మూడో వంతుకి తగ్గింది. అందుకే తీసేసిన క్లబ్బే "ఇతనికి త్వరగా ఉద్యోగం దొరికితే బాగుండు" అని ఎదురుచూస్తుంది. అంతర్జాతీయ వివాదాల్లో ఫిఫా నిబంధన కూడా ఇదే దారి. 2021 జనవరి నుంచి కోచ్‌ల కాంట్రాక్ట్‌లకి విడిగా నియమాలున్నాయి: సరైన కారణం లేకుండా తీసేస్తే మిగిలిన కాంట్రాక్ట్ విలువ ఇవ్వాలి, ఆ కాలంలో కొత్త కాంట్రాక్ట్ వస్తే దాని విలువ తగ్గించాలి.

మొత్తం ఒకేసారి తీసుకుని తెంచుకున్నవాడికి ఈ తగ్గింపు సాధారణంగా వర్తించదు. కొత్త జీతం పూర్తిగా అదనం.

ఖాళీగా ఉన్న కోచ్ ఎందుకు చవక అంటే ఇంకో కారణం, పరిహారం లేకపోవడం. 2022లో పాటర్‌ని బ్రైటన్ నుంచి తెచ్చుకోవడానికి చెల్సీ 2 కోట్ల పౌండ్లకి పైగా ఇచ్చిందని వార్తలొచ్చాయి. 31 మ్యాచ్‌ల తర్వాత తీసేసింది. అదే మనిషిని 2025 జనవరిలో వెస్ట్ హామ్ ఏ క్లబ్‌కీ రూపాయి కట్టకుండా తెచ్చుకుంది. పనిలో ఉన్న మంచి కోచ్‌కి కోట్లు కట్టాలా, ఖాళీగా ఉన్న తెలిసిన పేరుని ఊరికే తెచ్చుకోవాలా అంటే, సెప్టెంబర్‌లో కంగారుగా ఉన్న బోర్డు రెండోదే ఎంచుకుంటుంది.

తీసెయ్యడం మాత్రం చవక కాదు. 2018లో కాంటేని, ఆయన సిబ్బందిని పంపడానికి చెల్సీకి లాయర్ల ఖర్చుతో కలిపి 2.66 కోట్ల పౌండ్లు అయింది. (ఆంటోనియో కాంటే సుమా, పైన చెప్పిన మిడ్‌ఫీల్డర్ కాంటే కాదు.) ఆ కాంటే ఇంటర్‌తో 2021లో, నాపోలీతో 2025లో సీరీ ఆ గెలిచాడు. నాపోలీ అంతకుముందు ఏడాది 10వ స్థానం. రెండుసార్లూ వేసవిలో పగ్గాలు పట్టాడు, డగౌట్‌వెనక గారి సూత్రానికి ఇది కూడా కలుపుకోండి.

మూడోసబ్:

అంటే చవక కాబట్టి అవే ముఖాలు తిప్పి తిప్పి తెస్తున్నారని మీరే ఒప్పుకున్నట్టు. మొరీన్యోని చూడండి. 2025 ఆగస్టు 27న బెన్ఫికా చేతిలో ఓడి ఆయన జట్టు ఫెనెర్‌బాచే చాంపియన్స్ లీగ్‌కి దూరమైంది, 29న వేటు. సెప్టెంబర్ 18న ఎవరు ఉద్యోగం ఇచ్చారు? అదే బెన్ఫికా! ఓడించినవాళ్ళే తెచ్చుకున్నారు. కొత్త కుర్రాడికి అవకాశం ఎప్పుడు?

క్లాజుల‌కట్ట:

ఆ కాంట్రాక్ట్‌లో చిన్న తెలివి ఉంది, తిట్టే ముందు అది చూడండి. 2027 దాకా రాసుకున్నా, 2025-26 సీజన్ చివరి మ్యాచ్ అయిన 10 రోజుల్లోపు ఎవరైనా తప్పుకోవచ్చని క్లాజు పెట్టారు. అప్పటికి క్లబ్ అధ్యక్ష ఎన్నికలు దగ్గర్లో ఉండేవి, కొత్త అధ్యక్షుడి నెత్తిన పాత కాంట్రాక్ట్ పడకూడదని. పాటర్‌తో స్వీడన్ కూడా అంతే, మొదట 2026 మార్చి వరకే. రెండు క్వాలిఫయర్లు, వస్తే ప్లే-ఆఫ్‌లు. అసలు వేటు పడిన కోచ్‌ని తెచ్చుకోవడానికి ఇదే సరైన పద్ధతి అంటాను. మూడేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చి మూడు నెలల్లో తీసేసేదానికన్నా, చిన్న కాలం, నిలబడితే పొడిగింపు.

సరదాకి ఇంకోటి. 2023 జనవరిలో ఇటలీ క్లబ్ సలెర్నిటానా, అటలాంటా చేతిలో 2-8తో ఓడి కోచ్ నికోలాని తీసేసింది. రెండు రోజులకి ఎవరిని తెచ్చిందో తెలుసా? నికోలానే. ఫిబ్రవరిలో మళ్ళీ తీసేసింది. ఇటలీలో తీసేసిన కోచ్ జీతం చాలాసార్లు నడుస్తూనే ఉంటుంది కాబట్టి, వెనక్కి పిలవడం వింతేం కాదు.

ఆఫ్‌సైడ్‌గీత:

మూడోసబ్ గారి "కొత్త కుర్రాడు" మాటకి మద్దతుగా ఒకటి, వ్యతిరేకంగా ఒకటి చెప్తా. మద్దతు: మార్పు వల్ల వచ్చే ఊపు చాలావరకు భ్రమ. డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు డేటా తీసుకుని బాస్ టెర్ వీల్ చేసిన పరిశోధన ఉంది. కోచ్‌ని మార్చిన జట్లు పుంజుకున్నాయి, నిజమే. అంతే దారుణంగా పడిపోయి కోచ్‌ని మార్చని జట్లూ అలాగే పుంజుకున్నాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు మొదటి నెల ఉత్సాహం చూసి కోచ్ గొప్పతనం అనుకోకూడదు.

వ్యతిరేకం: పాత ముఖమా కొత్త ముఖమా అన్నది అసలు కొలతే కాదు. పాటర్‌కి స్వీడన్ ఎందుకు సబబుగా ఉందంటే, ఆయన ఓస్టర్‌సుండ్‌ని నాలుగో శ్రేణి నుంచి పై లీగ్ దాకా లేపి 2017లో స్వీడిష్ కప్ గెలిపించాడు, ఆ దేశపు ఫుట్‌బాల్ ఆయనకి తెలుసు. నునో సంగతి ఇంకా సులువు. ఫారెస్ట్‌లో ఆయనకి జూన్‌లోనే 2028 దాకా కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు, మూడే లీగ్ మ్యాచ్‌లయ్యాయి. తీసేసింది ఓనర్‌తో చెడినందుకు, ఆట చెడినందుకు కాదు. అలాంటి వేటు కోచ్ విలువని ఏమీ తగ్గించదు. అన్నట్టు ఆ మూడు మ్యాచ్‌లలో ఒకటి వెస్ట్ హామ్ చేతిలో 0-3, తర్వాత ఉద్యోగం ఇచ్చింది వాళ్ళే. మొరీన్యో మాదిరిగా ఇదీ ఒక తమాషా.

బాక్స్‌టుబాక్స్:

చాలా వరకు స్పష్టమైంది, అందరికీ థాంక్స్. ఒక్కటే మిగిలింది. కోచ్ వచ్చేశాడు, మనం ఆపలేం. మొదటి ఐదు మ్యాచ్‌లలో ఫలితం కాకుండా ఏం చూడాలి?

డగౌట్‌వెనక:

బంతి పోయిన తర్వాతి ఐదారు సెకన్లు. ఎంతమంది బంతి వెనక ఉన్నారు, దగ్గరున్నవాడు మీద పడుతున్నాడా, చూస్తూ నిలబడ్డాడా. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి గోల్ కిక్ అప్పుడు, లేదా వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు ఆపి చూడండి, లైన్ ఎక్కడుందో కనబడుతుంది. మొదటి మ్యాచ్‌కీ ఐదో మ్యాచ్‌కీ నలుగురి మధ్య దూరం ఒకేలా ఉంటే పని జరుగుతోందని అర్థం. ఒకడు పైన, ఇద్దరు కింద ఉంటే ఇంకా ఎవరికీ ఎక్కలేదు. కార్నర్లలో ఎవరు ఎవరిని పట్టుకుంటున్నారో కూడా చూడండి. సెట్ పీస్ డిఫెన్స్ ఒక్కటే మిడ్‌వీక్ మ్యాచ్‌లున్నా బాగు చెయ్యగలిగే భాగం, అరగంట చాలు. అది కూడా ఐదు మ్యాచ్‌లకి సర్దుకోలేదంటే సాకు లేదు.

ఆఫ్‌సైడ్‌గీత:

దానికి తోడు 60వ నిమిషం తర్వాత ఎక్స్‌జీ విడిగా చూడండి. ప్రెస్సింగ్ కోచ్ మధ్యలో వస్తే మొదటి గంట బాగుండి ఆ తర్వాత కూలిపోవడం మామూలే. అది పద్ధతి తప్పు కాదు, కాళ్ళు ఇంకా సిద్ధంగా లేకపోవడం. మొదటి పావుగంటలోనే అవకాశాలు ఇచ్చేస్తుంటే మాత్రం ఎవరెక్కడ నిలబడాలో జట్టుకి తెలియదన్నమాట.